ఆఫ్రికా ఉమ్మడి మార్కెట్లో ఒక్క పర్మిట్ చాలదు

సంపాదకుల వారికి,

నమస్కారములు.

దేశాల మధ్య సుంకాలు ఎత్తివేసే ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంతో ఆఫ్రికా ఖండమంతా ఒకే మార్కెట్‌గా మారుతున్నదని ఇటీవల మీ వాణిజ్య పుటలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. తెలుగు పత్రికల్లో ఆఫ్రికా అంటే కరువో, తిరుగుబాటో, సింహాలో తప్ప మరొకటి కనిపించడం అరుదు కనుక దాన్ని కత్తిరించి, పెరంబూరులో మా ఎదురింటి అబ్బాయి చేతికి ఇచ్చాను. అతను బీకాం చదివి, సీఏ ఇంటర్ దాకా వచ్చి, టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో ఒక వ్యాపార సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నాడు. మర్నాడు సాయంత్రం వచ్చి, "బాబాయిగారూ, కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పిందే పేపర్లోనూ వచ్చింది. టాంజానియా పర్మిట్ ఒక్కటి తీసుకుంటే చాలట, ఆ తరవాత కెన్యా అయినా ఘనా అయినా వెళ్ళి పనిచేసుకోవచ్చట" అన్నాడు. ఆ మాట మీ వ్యాసంలో లేదు. అయితే ఉన్నదాన్ని చదివినవాడు అక్కడిదాకా వెళ్ళడానికి పెద్ద దూరం కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను 2012 నుంచి 2018 వరకు ఉగాండా రాజధాని కంపాలాలో, ఇనుప రేకులు, సిమెంటు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో అకౌంట్స్ మేనేజరుగా పనిచేశాను. పక్కదేశం రువాండా రాజధాని కిగాలీలో మాకొక బ్రాంచి ఉండేది. మా సరుకంతా మొంబాసా రేవులో దిగి, కెన్యా దాటి, మలాబా సరిహద్దు మీదుగా కంపాలా చేరేది. ఆ ఆరేళ్ళలో నేను కళ్ళారా చూసిన మార్పు ఒకటుంది, ఎంత చూసినా రాని మార్పు ఒకటుంది. మీ వ్యాసం మొదటిదాన్ని మాత్రమే చెప్పింది.

ముందు రెండు చిన్న సవరణలు. ఆఫ్రికా దేశాలన్నీ ఈ ఖండ ఒప్పందంలో చేరాయని రాశారు. ఆఫ్రికన్ యూనియన్‌లోని 55 దేశాల్లో 54 సంతకం చేశాయి, ఎరిట్రియా చేయలేదు. సంతకం చేయడం వేరు, ఆ దేశపు పార్లమెంటు దాన్ని ఆమోదించడం వేరు. ఇక దీన్ని మీరు కస్టమ్స్ యూనియన్ అన్నారు. కాదు. ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం, పేరులో ఉన్నట్టుగానే, స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం మాత్రమే. సభ్యదేశాలు ఒకదానితో ఒకటి సుంకాలు తగ్గించుకుంటాయి గానీ, బయటి దేశాల సరుకు మీద ఎవరి సుంకం వారిదే; కస్టమ్స్ యూనియన్‌లో అయితే అది అందరికీ ఒక్కటే. 2018 మార్చి 21న కిగాలీలో మొదట 44 దేశాలు సంతకం చేసిన ఈ ఒప్పందం 2019 మే 30న అమలులోకి వచ్చింది. కోవిడ్ వల్ల ఆరు నెలలు ఆలస్యమై, 2021 జనవరి 1న దీని కింద వాణిజ్యం లాంఛనంగా మొదలైంది. తొంభై శాతం సరుకు రకాల మీద సుంకాలను సాధారణ దేశాలు అయిదేళ్ళలో, బాగా వెనకబడిన దేశాలు పదేళ్ళలో ఎత్తివేయాలన్నది లెక్క. ఇదంతా మీ వ్యాసంలో ఉన్నది, బాగానే ఉన్నది.

లేనిది సేవల సంగతి. ఒప్పందంలో సరుకులకు ఒక ప్రోటోకాల్, అంటే ఉప ఒప్పందం, ఉన్నట్టే సేవలకూ విడిగా ఒకటుంది. మీ వ్యాసకర్త దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. సేవ అంటే మనవాళ్ళకు తిరుమలలో ఆర్జిత సేవే ముందు గుర్తుకొస్తుంది కాబట్టి ఆయన్ను తప్పుపట్టలేను గానీ, వాణిజ్యంలో సేవ అంటే చేత్తో పట్టుకుని చూపించలేనిది, అయినా డబ్బిచ్చి కొనుక్కునేది: లారీ కిరాయి, బ్యాంకు పని, బీమా, ఫోను మాట, ఆడిటరు సంతకం, డాక్టరు సలహా. వీటి మీద సరిహద్దులో సుంకం వేసేవాడు ఎవడూ లేడు. అందువల్ల తీసేయడానికి సుంకమూ లేదు. ఇక్కడి అడ్డంకి లైసెన్సులో, వర్క్ పర్మిట్‌లో, "ఈ పని మా పౌరులే చేయాలి" అన్న చట్టంలో, పరాయి దేశపు డిగ్రీని గుర్తించని కౌన్సిల్లో ఉంటుంది. సుంకాలు పోతే మార్కెట్ ఒకటవుతుందన్న మీ వ్యాసపు ప్రధాన వాదన సరుకులకు సగం వర్తిస్తుంది, సేవలకు అసలు వర్తించదు.

ప్రపంచ వాణిజ్య సంస్థ 1995 నాటి సేవల ఒప్పందం సేవ సరిహద్దు దాటడానికి నాలుగు దారులున్నాయని చెబుతుంది. ఆ నాలుగూ మన చెన్నైలోనే, అదీ ఆఫ్రికాకు సంబంధించే, కనిపిస్తాయి. ఇక్కడి డాక్టరు కంప్యూటర్ ముందు కూర్చుని కెన్యా రాజధాని నైరోబీలోని రోగి స్కానింగ్ చూసి సలహా చెబితే సేవ ఒక్కటే దాటుతుంది. ఆ రోగి తానే విమానమెక్కి వచ్చి గ్రీమ్స్ రోడ్డు పక్క సందులో గ్యాస్ పొయ్యి ఉన్న గది అద్దెకు తీసుకుని ఆసుపత్రిలో చూపించుకుంటే, దాటినవాడు కొనుగోలుదారు. ఐఐటీ మద్రాసు 2023లో టాంజానియాకు చెందిన జాంజిబార్ దీవిలో క్యాంపస్ తెరిచింది, విదేశంలో ఏ ఐఐటీకైనా అదే మొదటిది. అక్కడ దాటింది సంస్థ. ఇక మా ఎదురింటి అబ్బాయి దార్ ఎస్ సలాం వెళితే దాటేది మనిషి. మొదటి మూడు దారుల్లోనూ ప్రభుత్వాలు ఏదో ఒక మేరకు తలుపు తీస్తాయి. నాలుగోదానికి వచ్చేసరికి తలుపు సందులోంచి మాట్లాడతాయి, ఆఫ్రికాలోనే కాదు, ఎక్కడైనా.

నేను చూసిన మార్పు ఏమిటో చెబుతాను. 2012లో నేను వెళ్ళేనాటికి మొంబాసాలో దిగిన కంటెయినరు కంపాలా గోడౌనుకు చేరడానికి రెండు వారాలకు పైనే పట్టేది. మలాబాలో లారీల వరస కిలోమీటర్ల పొడవున ఉండేది. డ్రైవర్లు లారీ కింద చాప పరచుకుని, చిన్న కిరసనాయిలు పొయ్యి మీద టీ కాచుకుంటూ రోజులు గడిపేవారు. వారి భత్యం కోసం నేను ప్రతి మూడో రోజూ ఫోనులోంచి మొబైల్ మనీ పంపేవాణ్ణి. 2014లో కెన్యా, ఉగాండా, టాంజానియా, రువాండా తదితర దేశాల కూటమి అయిన తూర్పు ఆఫ్రికా సమాజం ఏక కస్టమ్స్ ప్రాంతం పద్ధతి మొదలుపెట్టింది. ఉగాండా కస్టమ్స్ వాళ్ళే మొంబాసాలో కూర్చున్నారు, పన్ను ముందే కంపాలాలో కట్టేశాం, కంటెయినరుకు ఎలక్ట్రానిక్ సీలు వేశారు, లారీ నాలుగైదు రోజుల్లో గోడౌను ముందుకు వచ్చింది. మొదటిసారి అలా వచ్చినప్పుడు మా స్టోర్ కీపరు కాగితాలు దొంగవేమోనని రెండుసార్లు నాకు ఫోను చేశాడు.

చెన్నై నుంచి నెల్లూరు వెళ్ళేవారికి ఇది కొత్త కథ కాదు. తడ దగ్గర భీమునివారిపాలెం చెక్‌పోస్టు ముందు లారీలు ఎలా నిలబడి ఉండేవో, 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఎలా కదిలాయో మనం చూశాం. సరుకు కదలడం మొదలైతే కళ్ళకు కనిపిస్తుంది, అందుకే పత్రికలకూ అదే కనిపిస్తుంది. నెల్లూరులో నర్సింగ్ చదివిన అమ్మాయి చెన్నై ఆసుపత్రిలో చేరాలంటే తమిళనాడు కౌన్సిల్లో మళ్ళీ పేరు నమోదు చేయించుకోవాలన్న సంగతి మాత్రం ఆ అమ్మాయికీ వాళ్ళ నాన్నకూ తప్ప ఎవరికీ తెలియదు. ఒకే దేశంలో ఇంత ఉంటే, యాభైనాలుగు దేశాల సంగతి ఊహించుకోవచ్చు.

రాని మార్పు సరిగ్గా అలాంటిదే. మా కంపాలా ఆఫీసులో నా కింద ఒక ఉగాండా అమ్మాయి పనిచేసేది. అక్కడి అకౌంటెంట్ల సంస్థ పరీక్షలన్నీ పాసై వచ్చింది, నాకన్నా బాగా లెక్కలు తెలిసిన మనిషి. తూర్పు ఆఫ్రికా దేశాల అకౌంటెంట్ల సంస్థలు 2011లోనే పరస్పర గుర్తింపు ఒప్పందం చేసుకున్నాయి. 2012లో ఇంజినీర్ల సంస్థలూ చేసుకున్నాయి. ఆ ధైర్యంతో ఆమెను కిగాలీ బ్రాంచికి పంపాం. తూర్పు ఆఫ్రికా పౌరురాలు కనుక రువాండా పర్మిట్ ఫీజు తీసుకోలేదు. కానీ పర్మిట్ కాగితం మాత్రం కావలసిందే. వెళ్ళాక ఆమె పుస్తకాలు రాయగలిగింది, బ్యాంకుతో మాట్లాడగలిగింది, జీతాలు వేయగలిగింది. ఏడాది చివర కంపాలాలో మా గ్రూపు లెక్కలన్నీ చూసే ఆడిటర్లు వచ్చి కిగాలీ బ్రాంచి లెక్కలు కూడా పూర్తిచేశారు, సంతకం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయారు. రువాండాలో నమోదైన ఆడిటరే సంతకం చేయాలి. అవే పుస్తకాలు, అవే బిల్లులు, అవే బ్యాంకు స్టేట్‌మెంట్లు మరో ఆడిటరు ముందు పెట్టి, మరో ఫీజు కట్టి, అయిదు వారాలు ఆలస్యంగా లెక్కలు ముగించాం. గుర్తింపు వేరు, నమోదు వేరు, పర్మిట్ వేరు. ఈ మూడింటికీ మూడు కార్యాలయాలు, వాటిలో ఒకటి ఇచ్చిన కాగితం మరొకరికి సగం కాగితమే. అది ప్రాంతీయ సమైక్యతలో ఆఫ్రికాలోకెల్లా ముందున్నదని చెప్పే తూర్పు ఆఫ్రికా సమాజంలో, 2010 నుంచి ఉమ్మడి మార్కెట్ అమలులో ఉన్నచోట.

మన దేశంలో 1949 నాటి చట్టం కింద చార్టర్డ్ అకౌంటెంట్లకు దేశమంతటికీ ఒకే సంస్థ ఉండటం వల్ల శ్రీకాకుళంవాడు చెన్నైలో సంతకం చేయగలడు. ఇంతటి సౌకర్యం మనకు ఉన్నదని కిగాలీ వెళ్ళేదాకా నాకు తట్టలేదు.

అయితే అన్నీ ఇలాగే ఉన్నాయని రాస్తే అది మరో తప్పు. సేవల్లో చడీచప్పుడు లేకుండా నడిచిపోతున్నవి కొన్ని ఉన్నాయి. నా దగ్గర రెండు పసుపు కాగితాలుండేవి. ఒకటి, వెళ్ళేముందు గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎల్లో ఫీవర్ టీకా వేసి ఇచ్చిన చిన్న పుస్తకం. రెండోది మా లారీలది: తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల కూటమి కొమెసాది, 1987 నుంచి నడుస్తున్న ఎల్లో కార్డు. మొంబాసాలో తీసుకున్న ఆ ఒక్క బీమా కార్డుతో లారీ కెన్యా, ఉగాండా, రువాండా, జాంబియా ఎక్కడ మనిషికి తగిలినా పరిహారం అక్కడి బీమా కంపెనీయే చూసుకుంటుంది, తరవాత కంపెనీలు తమలో తాము లెక్క తేల్చుకుంటాయి. టాంజానియా కొమెసా నుంచి ఎప్పుడో బయటికి వెళ్ళిపోయింది, ఈ కార్డును మాత్రం వదులుకోలేదు. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్‌ది బ్రౌన్ కార్డు, అది 1982 నాటిది. ఇవి ఎవరి ఉద్యోగాన్నీ తీసేయలేదు, ఏ దేశాధినేతా వీటి కోసం రిబ్బను కత్తిరించలేదు. బహుశా అందుకే బతికాయి.

ఫోను కథ ఇంకా బాగుంటుంది. 2006 సెప్టెంబరులో సెల్‌టెల్ అనే కంపెనీ కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో తన ఖాతాదారులకు రోమింగ్ చార్జీ తీసేసి మూడు దేశాలనూ ఒకే నెట్‌వర్క్ చేసింది. ఆ కంపెనీ పేరు జెయిన్‌గా మారి, 2010లో 1,070 కోట్ల డాలర్లకు మన భారతీ ఎయిర్‌టెల్ చేతికి వచ్చింది. ప్రభుత్వాలు తమ వంతుగా ఏక నెట్‌వర్క్ ప్రాంతం పేరుతో కెన్యా, ఉగాండా, రువాండాల మధ్య రోమింగ్ భారం తగ్గించింది 2014-15లో. కంపెనీ ఎనిమిదేళ్ళు ముందు నడిచింది. నేను కంపాలా నుంచి కిగాలీ బ్రాంచికి ఫోను చేయాలంటే మొదట్లో నిమిషాలు లెక్కపెట్టుకునేవాణ్ణి, ఆ తరవాత ఆ అమ్మాయి కూతురి పుట్టినరోజు కబుర్లు కూడా ఆఫీసు ఫోనులోనే విన్నాను.

డబ్బు మాత్రం ఆ వేగంతో కదలలేదు. ఘనా రాజధాని అక్రాలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థకు మేము 400 డాలర్ల బిల్లు కట్టవలసి వచ్చింది. ఉగాండా షిల్లింగు డాలరయింది, ఆ డాలరు న్యూయార్క్‌లోని బ్యాంకు మీదుగా వెళ్ళింది, అక్కడి నుంచి ఘనాకు వచ్చి సెడీ అయింది. తొమ్మిదో రోజున వాళ్ళకు చేరింది 356 డాలర్లు. మిగతా 44 దారిలో ఎవరెవరి చార్జీలో నేటికీ తెలియదు. ఆఫ్రికాలోనే ఉన్న రెండు ఊళ్ళ మధ్య డబ్బు అమెరికా చుట్టి రావడం మీద కోపంతో నేను మా బ్యాంకు మేనేజరుకు రాసిన ఉత్తరానికి మర్యాదైన జవాబు వచ్చింది, డబ్బు రాలేదు. సరిగ్గా ఈ జబ్బుకు మందుగా కైరోలోని ఆఫ్రికా ఎగుమతి, దిగుమతుల బ్యాంకు ఆఫ్రెగ్జిమ్‌బ్యాంక్ పూనికతో పాప్స్ అనే చెల్లింపు వ్యవస్థను 2022 జనవరిలో అక్రాలో ప్రారంభించారు. కట్టేవాడు తన కరెన్సీలో కడతాడు, తీసుకునేవాడు తన కరెన్సీలో తీసుకుంటాడు. గాంబియా, ఘనా, గినీ, లైబీరియా, నైజీరియా, సియెర్రా లియోన్ దేశాలతో ముందుగా ప్రయోగించి చూశారు. దీనివల్ల ఖండానికి ఏటా 500 కోట్ల డాలర్ల ఖర్చు మిగలవచ్చని ఆ బ్యాంకు అంచనా. నా మట్టుకు నాకు ఈ మొత్తం ఒప్పందంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది. మీ వ్యాసంలో దీని పేరే లేదు.

విమానాల గురించి క్లుప్తంగా: గగనతలాన్ని ఒకరికొకరు తెరుచుకుంటామని 1999లో కోట్ దివ్వార్ (ఐవరీ కోస్ట్) లోని యమూసుక్రోలో నిర్ణయించుకున్నారు, 2018 జనవరిలో ఏక వాయు రవాణా మార్కెట్ అని మళ్ళీ ప్రారంభించారు. ఒకే నిర్ణయాన్ని పందొమ్మిదేళ్ళ తరవాత రెండోసారి ప్రారంభించవలసి రావడమే దాని కథంతా చెబుతుంది.

ఇక అక్రా సంగతి. ఈ ఖండ ఒప్పందం సచివాలయం ఉన్నది అక్రాలోనే. ఆ దేశపు 2013 నాటి పెట్టుబడుల చట్టం ప్రకారం సంతలో చిల్లర వ్యాపారం ఘనా పౌరులకే పరిమితం. పరాయి దేశస్థుడు కొనుగోలు, అమ్మకాల వ్యాపారం పెట్టాలంటే పది లక్షల డాలర్ల పెట్టుబడి చూపించి, ఇరవైమంది ఘనా పౌరులకు ఉద్యోగమివ్వాలి. ఈ చట్టం పేరుతో 2019, 2020లలో నైజీరియా వర్తకుల దుకాణాలకు తాళాలు పడ్డాయి. సెల్‌ఫోను విడిభాగాలు అమ్ముకునేవాడు పది లక్షల డాలర్లు ఎక్కడినుంచి తెస్తాడు? అదే కాలంలో, 2019 ఆగస్టు నుంచి 2020 డిసెంబరు దాకా, నైజీరియా తన భూసరిహద్దులు మూసి ఘనా సరుకును ఆపింది. ఎవరినని అంటాం? రెండు దేశాలూ 1975 నుంచి ఎకోవాస్‌లో ఉన్నాయి, 1979 నుంచి ప్రజల రాకపోకల ప్రోటోకాల్ ఉన్నది. ఖండ ఒప్పందంలో ముందుగా తెరవాలని ఎంచుకున్న సేవలు అయిదు: రవాణా, కమ్యూనికేషన్లు, ఆర్థిక సేవలు, పర్యాటకం, వృత్తి వ్యాపార సేవలు. చిల్లర వర్తకం ఆ అయిదింటిలో లేదు. అంటే సామాన్యుడు సామాన్యుడితో పోటీపడే రంగాన్ని తెలిసే పక్కన పెట్టారు.

దీన్ని నేను తప్పు అనలేను. 2025 జూలైలో టాంజానియా ప్రభుత్వం పదిహేను రకాల చిన్న వ్యాపారాలను విదేశీయులు చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది: మొబైల్ మనీ, సెల్‌ఫోను రిపేరు, సెలూను, టూరిస్ట్ గైడు వంటివి. దార్ ఎస్ సలాంలోని కరియాకూ బజారులో చైనా వర్తకులు చిల్లర అమ్మకానికి దిగారన్న కోపం దీని వెనక ఉన్నది. దెబ్బ పక్కనున్న కెన్యావాళ్ళకూ తగిలింది, వాళ్ళు ఉమ్మడి మార్కెట్ ఏమైందని గట్టిగా అడిగారు. న్యాయం కెన్యా పక్షానే ఉంది. కానీ రోడ్డు పక్క బల్ల వేసుకుని ఫోన్లు బాగుచేసే మనిషికి ఖండపు ఆదాయం పెరుగుతుందన్న లెక్క చెప్పి ఏం లాభం? ప్రపంచ బ్యాంకు 2020లో వేసిన అంచనా ప్రకారం ఈ ఒప్పందం సరిగా అమలైతే 2035 నాటికి ఆఫ్రికా ఆదాయం 7 శాతం, అంటే 45,000 కోట్ల డాలర్లు పెరగవచ్చు. ఆ మొత్తంలో 29,200 కోట్లు వచ్చేది సుంకాల తగ్గింపు వల్ల కాదు, సరిహద్దుల్లో కాగితాల చిక్కు, ఆలస్యం తగ్గడం వల్ల. మీ వ్యాసకర్త మొదటి అంకె ఇచ్చి రెండోది వదిలేశారు. ఆయన వాదనను పడగొట్టేది ఆ రెండోదే.

తూర్పు ఆఫ్రికాకు ఈ భయం పాతదన్న సంగతి మనవాళ్ళకు అంతగా తెలియదు. వలస కాలం నుంచే కెన్యా, ఉగాండా, టాంజానియాలకు రైళ్ళు, రేవులు, తపాలా, విమానాలు ఉమ్మడిగా ఉండేవి. అంటే సేవల సమైక్యత అక్కడ సరుకుల సమైక్యతకు తీసిపోకుండా ముందే ఉన్నది. 1967లో పెట్టుకున్న మొదటి తూర్పు ఆఫ్రికా సమాజం పదేళ్ళకే 1977లో కూలిపోయింది; ఇప్పుడున్నది తరవాత మళ్ళీ పెట్టుకున్నది. ఉగాండా నియంత ఇదీ అమీన్‌కూ టాంజానియా అధ్యక్షుడు నైరేరేకూ పడకపోవడం ఒక కారణం. లాభమంతా నైరోబీకే పోతున్నదన్న అనుమానం అంతకన్నా పెద్ద కారణం. ఈస్ట్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ మూతపడి, మూడు దేశాలకు మూడు విమాన సంస్థలు మిగిలాయి. పశ్చిమాన పదకొండు ఫ్రెంచి భాషా దేశాలు కలిసి 1961లో పెట్టుకున్న ఎయిర్ ఆఫ్రిక్ 2002లో దివాళా తీసింది. మా కంపెనీ పాత కాపలాదారుకు ఉమ్మడి రైల్వేలో పదిహేనేళ్ళ ఉద్యోగం. సమాజం విడిపోయాక తన పింఛను ఏ దేశం ఇవ్వాలో తేలడానికి ఎన్నేళ్ళు తిరిగాడో చెబుతూ ఉండేవాడు. సమైక్యత గురించి ఎవరైనా ఉత్సాహంగా మాట్లాడితే నాకు ముందు ఆయనే గుర్తుకొస్తాడు.

మనుషుల రాకపోకల ప్రోటోకాల్‌ను ఆఫ్రికన్ యూనియన్ 2018 జనవరిలో, వాణిజ్య ఒప్పందానికి రెండు నెలల ముందే ఆమోదించింది. ముప్పైకి పైగా దేశాలు సంతకం చేశాయి. అమలులోకి రావాలంటే పదిహేను దేశాల తుది ఆమోదం కావాలి. ఇచ్చినవి రువాండా, నైజర్, మాలి, సావో తోమే ప్రిన్సిపే, నాలుగే. ఆ నాలుగింటిలో మాలి, నైజర్, బుర్కినా ఫాసోతో కలిసి 2025 జనవరిలో ఎకోవాస్ నుంచి వెళ్ళిపోయాయి. ఆఫ్రికాలోకెల్లా ధనవంతుడైన నైజీరియా పారిశ్రామికవేత్త అలికో డాంగోటే, తన ఖండంలో తిరగడానికి తనకు 35 వీసాలు కావాలని 2024 మేలో కిగాలీ సభలో వాపోయాడు. సొంత విమానం ఉన్న మనిషి పరిస్థితే అది. రువాండా, బెనిన్, గాంబియా, సేషెల్స్ వంటి కొన్ని దేశాలు మాత్రం ఏ ఒప్పందం కోసమూ ఆగకుండా ఆఫ్రికా పౌరులందరికీ వీసా తీసేశాయి.

మనవాళ్ళకు ఇందులో పనేమిటని మీరు అడగవచ్చు. కంపాలా, లుసాకా, దార్ ఎస్ సలాం, లాగోస్‌లలో ఉన్న తెలుగువాళ్ళలో ఎక్కువమంది అకౌంటెంట్లు, ఇంజినీర్లు, మందుల కంపెనీల మనుషులు, కంప్యూటరు పనివాళ్ళు, టీచర్లు. అంటే సేవలు అమ్ముకునేవాళ్ళే. ఈ ఖండ ఒప్పందం ఆఫ్రికా పౌరులకే ఇంకా పూర్తిగా ఇవ్వని హక్కు భారత పౌరుడికి అసలే ఇవ్వదు. టాంజానియా పర్మిట్ మీద ఉన్న భారతీయుడు కెన్యాలో పని చేస్తూ పట్టుబడితే అతను అక్కడ పర్మిట్ లేని విదేశీయుడే. ఆ ముక్క కన్సల్టెన్సీలు చెప్పవు. వాళ్ళ కరపత్రంలో ఆఫ్రికా పటమంతా ఒకే ఆకుపచ్చ రంగులో ఉన్నది, దాని మీద "ఒకే మార్కెట్, ఒకే అవకాశం" అని ఉన్నది. మీ వ్యాసంతో వేసిన పటమూ అదే రంగులో ఉండటం కాకతాళీయమే అయినా, ఎరిట్రియాను వేరే రంగులో వేసి, పర్మిట్ల సంగతి రెండు వాక్యాల్లో కలిపి సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. జాంజిబార్‌లో మన మద్రాసు ఐఐటీ ఇచ్చే డిగ్రీ పక్కనున్న మొజాంబిక్‌లోనో కెన్యాలోనో ఉద్యోగానికి ఎంతవరకు చెల్లుతుందో మీ విద్యా పుట విలేఖరి చేత విచారించి రాయిస్తే అది ఇంకా ఉపయోగం.

మా ఎదురింటి అబ్బాయికి నేను వెళ్ళవద్దని చెప్పలేదు. ఆరేళ్ళు అక్కడ ఉండి, ఇల్లు కట్టుకుని వచ్చినవాణ్ణి, ఆ మాట ఏ ముఖంతో చెబుతాను? ఒక్క పర్మిట్‌తో అన్ని దేశాల్లో పనిచేయవచ్చన్న మాటను లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, ముద్ర వేసి ఇమ్మని కన్సల్టెన్సీ వాళ్ళను అడగమన్నాను. అడిగి మూడు వారాలయింది. ఫోను చేస్తే మేడం మీటింగులో ఉన్నారంటున్నారట. కట్టిన ఇరవై అయిదు వేల అడ్వాన్సు మాటెత్తితే ఫోను పెట్టేస్తున్నారట.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత అకౌంట్స్ మేనేజరు,
పెరంబూరు, చెన్నై